రంగే అంటే నమ్మేదెట్ల

"తియ్యి. ఆ డ్రమ్ము వెనక ఏం దాసినవో బయటికి తియ్యి."

"ఏం లేదే. జరుగు, జర పండుకోనియ్యి."

"నువ్వు తీస్తవా, నేను తియ్యాల్నా?"

దశరథం తీయలేదు. రాత్రి డ్యూటీ దిగి అప్పుడే ఇల్లు చేరిన మనిషి, లుంగీ చుట్టుకుని స్నానాల గది గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. ఇన్నేళ్ల కాపురంలో పెళ్లానికి అడ్డం నిలబడి గెలిచిన సందర్భం అతనికి ఒక్కటీ లేదు. ఇవాళా లేదు. వజ్రమ్మ అతని చంక కింద నుంచి దూరి, నీళ్ల డ్రమ్ము వెనక చెయ్యి పెట్టి, ప్యాంటు బయటికి లాగింది.

నడుము దగ్గర్నుంచి మోకాళ్ల దాకా ఎర్రగా ఉంది.

వజ్రమ్మ అరవలేదు. అరిచి ఉంటే దశరథానికి కొంచెం ధైర్యంగా ఉండేది.

"రంగే," అన్నాడు. "నీ మీద ఒట్టు. కలర్ డ్రమ్ము ఒరిగి మీద వడ్డది. పెండ్లిళ్ల సీజన్ గదా, వారం సంది ఎర్ర బట్టల లాటే నడుస్తుంది."

"రంగే?"

"రంగే."

"దసరకు రంగే అన్నవ్. దీపావళికి రంగే అన్నవ్. నేను పిచ్చిదాన్ని, సబ్బులు మార్చి మార్చి ఉతికిన. పోయిన వారం నా కండ్లతోని నేను చూసిందాక నీకు అది రంగే."

సూరత్ పాండేసరలోని రంగుల మిల్లులో పనిచేసేవాడి ఇంట్లో ఎర్ర మరకకు విలువ లేదు. ఒక వారం నీలం వస్తుంది, ఒక వారం పసుపు వస్తుంది, ఎరుపూ వస్తుంది. ఆ వీలును దశరథం నెలల తరబడి బాగా వాడుకున్నాడు. విరేచనంలో నెత్తురు పడుతున్న సంగతి పెళ్లానికి చెప్పకుండా, బట్టకంటిన ప్రతి మరకనూ మిల్లు మీదికి నెట్టేశాడు. పోయిన వారం మరుగుదొడ్డిలో నీళ్లు పొయ్యడం మరిచి బయటికి రావడంతో బండారం బయటపడింది. ఆ మర్నాడే వజ్రమ్మ అతన్ని దవాఖానకు ఈడ్చుకుపోయింది. లోపలికి కెమెరా వేసి చూశారు, రక్తం తీసుకున్నారు, పెద్ద పేగులో పుండ్లు పడే అల్సరేటివ్ కొలైటిస్ అన్నారు. ఎంత ముదిరిందో రిపోర్టులన్నీ వచ్చాక చెబుతామన్నారు.

ఆ చెప్పేది ఇవాళే.

"నెత్తురు గాకపోతే దాసుడెందుకు?" అంది వజ్రమ్మ.

"చూస్తే గిట్లనే లొల్లి చేస్తవని."

"అబద్ధం చెప్పినప్పుడేమో దండెం మీద ఆరేసినవ్. నిజం చెప్పెటోనివి డ్రమ్ము వెనక దాస్తవా?"

దశరథం లుంగీ ముడి విప్పి మళ్లీ బిగించాడు.

ఇంతసేపూ గుమ్మం దగ్గర పళ్లెం ముందు పెట్టుకు కూర్చున్న కొడుకు ఉమాకాంత్, రొట్టె ముక్క తుంచి, నోట్లో పెట్టుకోకుండానే పళ్లెం పక్కకు జరిపాడు. వాడు పనిచేసేది ఇల్లున్న ఈ వడోద్‌ బస్తీలోనే, మరమగ్గాలు నడిచే లూమ్ ఖాతాలో. అక్కడ నేసేదంతా రంగు వేయని కోరా గుడ్డ. తెల్లగా పోయి తెల్లగా వస్తాడని తల్లికి మురిపెం. తండ్రి రంగులు అంటకుండా వాడి బట్టలు ఎప్పుడూ వేరే బకెట్లో నానబెట్టేది. ఈ మధ్య ఆ పనీ తప్పించాడు, తన బట్టలు తనే ఉతుక్కుంటున్నాడు. వీణ్ణి చేసుకునే పిల్ల అదృష్టవంతురాలని వజ్రమ్మ గల్లీ అంతా చెప్పుకుంది.

"అమ్మా, దవాఖాన వద్దు," అన్నాడు ఉమాకాంత్. "పోతే కోస్తరు."

"ఎవలు చెప్పిండ్రు?"

"రఘుపతి మామకు ఏం చేసిండ్రు? గిదే రోగం గదా. పెద్ద పేగంతా తీసి పొట్ట మీద దొడ్డికి సంచి కట్టిండ్రు. బాపుకు గూడ గదే చేస్తరు. గోలీలు తీసుకుంటే ఐపాయె, పోవుడెందుకు?"

"పోకపోతే తక్కువైతదా?"

మగవాళ్లిద్దరూ నేల చూస్తున్నారు. చాయ్ బండి రఘుపతి పేరు ఈ వారం ఆ ఇంట్లో ఎవరూ పైకి అనలేదు, ముగ్గురూ లోపల అనుకుంటూనే ఉన్నారు. వజ్రమ్మకైతే నిద్రలో కూడా ఆ సంచే కనబడింది.

ఆమె ఎర్ర ప్యాంటును చీరలొచ్చే ప్లాస్టిక్ సంచిలో కుక్కింది. చెప్పులు తొడుక్కుంది.

"నడువుండ్రి."

షేర్ ఆటోలో ముగ్గురూ ఒకే వరసలో కూర్చున్నారు. ఎవరూ ఎవరి మొహం చూడలేదు. చాలా దూరం పోయాక దశరథం మెల్లిగా అడిగాడు.

"ఆ సంచిల ఏందే?"

"నీ రంగు," అంది వజ్రమ్మ.

* * *

డాక్టర్ ఊర్మిళ గుజరాతీ మనిషి, మాట్లాడేది హిందీలో. సూరత్‌లో ఇన్నేళ్లు ఉన్న వజ్రమ్మకు హిందీ బాగానే వచ్చు. కూరగాయల బండివాడితో హిందీలోనే తగువు పెట్టుకుని గెలుస్తుంది. కానీ భయం వేసిందంటే ఆ భాష ఎటు పోతుందో పోతుంది. అందుకని ఉమాకాంత్ మధ్యలో కూర్చుని ఇటుదటు అటుదిటు చెబుతున్నాడు.

"పేగు తీస్తరా మేడం?" కుర్చీ లాగకముందే అడిగింది వజ్రమ్మ.

"ముందు కూర్చోమ్మా."

"తీస్తరంటే చెప్పుండ్రి, నిలబడే వింట." ప్లాస్టిక్ సంచి బల్ల మీద పెట్టింది. "ముందుగాల ఇది చూడుండ్రి. రిపోర్టుల ఏమున్నా సరే, రాత్రి వడ్డ నెత్తురిది."

డాక్టరమ్మ చేతికి గ్లవ్ తొడుక్కుని సంచి విప్పింది. ప్యాంటును ఇటూ అటూ తిప్పింది. దశరథం వైపు చూసింది. దశరథం ఫ్యాన్ వైపు చూశాడు. ఆమె లేచి, మూలనున్న సింకులో ప్యాంటు అంచు మీద కాసిన్ని నీళ్లు పోసింది. హోలీ నాటి మోరీలాగా తళతళా ఎర్ర నీళ్లు పారాయి.

"ఇది ఎప్పటి మరక?"

"రాత్రిది మేడం," అన్నాడు దశరథం. అదేదో నేరం ఒప్పుకున్నట్టు అన్నాడు.

"రాత్రి పడి ఆరిన నెత్తురైతే ఈ పాటికి గోధుమరంగుకు తిరిగేది. ఇంత ఎర్రగా ఉండదు. ఇంత రక్తం ఒక్క రాత్రిలో పోయుంటే మీ ఆయన కుర్చీలో కూర్చునేవాడు కాదమ్మా, స్ట్రెచర్ మీద పడుకునేవాడు. ఇది మిల్లు రంగే."

ఉమాకాంత్ తెలుగులో చెప్పే అవసరం రాలేదు. దశరథం లేచి నిలబడ్డాడు.

"నేను రంగన్న గదనే! పొద్దటి సంది నెత్తి నోరు కొట్టుకుంటున్న!"

"కూసో," అంది వజ్రమ్మ. "ఇన్ని నెలలకు ఒక్కసారి నిజం చెప్పినందుకు దండ వెయ్యాల్నా?"

ఆరిన నెత్తురు ఏ రంగుకు తిరుగుతుందో తనకు తెలియదా? ఆడపుట్టుక పుట్టి, ఇన్నేళ్లు బట్టలుతికి, ఒకరు చెబితే గానీ గుర్తు రాలేదు. భయం మనిషి బుర్రను అంత పని చేస్తుంది. కొంగుతో కళ్లు తుడుచుకుంది, అందులోనే నవ్వింది.

"కానీ పడుతుంది గదా మేడం? అది నేను చూసిన."

"పడుతోంది. జబ్బు ఉంది, లేదనను." డాక్టరమ్మ దశరథం మణికట్టు పట్టుకుంది. "కానీ ఎంత ఎర్రగా కనబడిందన్నది ఒక్కటే చూసి ఎంత ముదిరిందో చెప్పలేం. నీళ్లలో కొద్దిగా పడినా తొట్టంతా ఎర్రబడుతుంది, చూసినవాళ్ల గుండె ఆగుతుంది. మేం వేరేవి కూడా అడుగుతాం. రోజుకు ఎన్నిసార్లు పోతున్నావు?"

"రెండు సార్లు. ఒక్కోనాడు మూడు."

"నిజం చెప్పు," అంది వజ్రమ్మ.

"నిజమేనే!"

"ప్రతిసారీ నెత్తురు పడుతోందా? జ్వరం వచ్చిందా? నిద్రలోంచి లేచి పరిగెత్తాల్సి వస్తోందా? కడుపు ఉబ్బి నొప్పి పుడుతోందా?"

దశరథం ఒక్కొక్కదానికి జవాబు చెప్పాడు. నెత్తురు అప్పుడప్పుడు. జ్వరం లేదు. నిద్రలో లేవడం లేదు. ఉబ్బడం లేదు. ఒక్కో జవాబుకూ వజ్రమ్మ అతని మొహంలోకి తొంగి చూసింది. అబద్ధం చెప్పేటప్పుడు అతని ఎడమ కన్ను కొద్దిగా మూసుకుంటుంది. ఇవాళ రెండు కళ్లూ తెరిచే ఉన్నాయి.

"నాడి నిదానంగా ఉంది," అంది డాక్టరమ్మ. "ఒంట్లో రక్తం తగ్గలేదు. లోపలి వాపును చూపే పరీక్షలో కూడా కొద్దిగానే పెరిగింది. ఇక ఇటు చూడండి."

కంప్యూటర్ తెర తిప్పింది. గీరుకుపోయిన మోకాలి చర్మంలాగా ఎర్రెర్రగా ఉన్న బొమ్మ ఒకటి. దాని పక్కన గులాబి రంగులో నున్నగా మెరుస్తున్న బొమ్మలు వరసగా.

"జబ్బున్నది ఇక్కడ, పేగు చిట్టచివర. జానెడు కూడా లేదు. ఆ పైనంతా శుభ్రంగా ఉంది. ఇది తేలిక రకం. తీసేయాల్సిన పేగు ఏదీ నాకు కనబడటం లేదు."

ఉమాకాంత్ అమ్మకు చెప్పడం మరిచిపోయి తెర వైపే చూస్తున్నాడు. వజ్రమ్మ వాడి మోచేయి పొడిచింది.

"ఏమన్నది?"

"తియ్యరట అమ్మా. పేగు తియ్యరట."

వజ్రమ్మ రెండు చేతులూ జోడించింది, ఎవరికో ఆమెకే తెలియలేదు. డాక్టరమ్మకా, తెర మీది గులాబి బొమ్మకా, ఎర్ర ప్యాంటుకా.

"మరి రఘుపతికెందుకు తీసిండ్రు? గిదే పేరు చెప్పిండ్రు గదా ఆయనకు గూడ?"

"ఆయన్ని నేను చూడలేదు. పేరు ఒకటే అయినంత మాత్రాన జబ్బు అందరిలో ఒకేలా ఉండదమ్మా. ఎంత దూరం పాకింది, అక్కడ ఎంత లోతుగా పుండు పడింది, మనిషి ఒళ్లు దాన్ని ఎట్లా తట్టుకుంటోంది, మందుకు లొంగుతుందా లేదా, ఇవన్నీ కలిస్తే తీవ్రత. కొందరికి పేగంతా మండిపోతుంది, జ్వరం, రోజంతా నెత్తుటి విరేచనాలు, ఏ మందూ పట్టదు. అప్పుడు తీసేస్తేనే ప్రాణం నిలుస్తుంది. ఆయన బాగున్నాడా ఇప్పుడు?"

"మంచిగున్నడు. చాయ్ బండి నడుపుతుండు."

"చూశావా మరి. సంచి కూడా మనిషిని బతికించడానికే."

వజ్రమ్మకు ఇంకొక్క ముల్లు మిగిలింది. "అంత తేలికైతే ఈయన ఇంత బక్కగెట్ల అయిండు? ప్యాంట్లన్నీ జారుతున్నయి."

"అదే నాకూ అర్థం కాలేదు," అంది డాక్టరమ్మ. "ఇంత చిన్న జబ్బుకు ఇంత బరువు తగ్గకూడదు. ఏమయ్యా?"

దశరథం మళ్లీ ఫ్యాన్ వైపు చూశాడు.

"కిందికి చూడు," అంది వజ్రమ్మ.

"డ్యూటీల తింటలేను."

"ఏంది?"

"డ్యూటీకి పోయే ముందల తినుడు బంద్ చేసిన. ఆడ గూడ తింటలేను. మిషన్ మీదున్నోడు నడుమల దొడ్డికని ఉరికితే లాటంతా మచ్చలు వడ్తది. తినకపోతే పోవుడే ఉండది గదా అని."

"మరి నేను రోజూ కట్టిచ్చే డబ్బ?"

"పక్క మిషనాయన తింటుండు."

వజ్రమ్మ అతని వైపు తిరిగింది. "నా చేతి పప్పు తిని ఆయన బలిసిండా? నువ్వు ఎండుకపోయి నా పుస్తెలకు ఎసరు పెడ్తుంటే, ఎవలో ఆయన మంచిగున్నదని లొట్టలేసిండా?"

డాక్టరమ్మకు భాష తెలియకపోయినా సంగతి తెలిసింది. నవ్వు ఆపుకోవడానికి మందుల చీటీ అందుకుంది. తిండి మానడం వైద్యం కాదని, కడుపు మాడ్చుకుంటే ఒళ్లు గుల్లవుతుందని గట్టిగా చెప్పింది. డ్యూటీలో నిలబడలేక రోజూ మింగే ఒళ్లునొప్పుల గోలీల సంగతి కూడా అప్పుడే బయటికొచ్చింది. వాటితో ఈ జబ్బు రేగే ప్రమాదం ఉందని, తనను అడక్కుండా ఏ గోలీ మింగొద్దని చెప్పింది. చివరికి మందు రాసింది.

"ఇది నోట్లో వేసుకునేది కాదు. రాత్రి పడుకునేటప్పుడు కింది నుంచి పెట్టుకోవాలి."

ఉమాకాంత్ దాన్ని తెలుగులో ఎట్లా చెప్పాలో తెలియక ఆగిపోయాడు. దశరథానికి హిందీలోనే అర్థమైంది.

"కింది నుంచా? నేనా?"

"జబ్బు అక్కడే ఉంది కదా. మందు సూటిగా అక్కడికే పోతుంది."

"పెట్టుకుంటడు మేడం," అంది వజ్రమ్మ, హిందీలో. భాష తిరిగొచ్చేసింది. "పెట్టుకోకపోతే నేనున్న."

లేవబోతుంటే ఉమాకాంత్ మాత్రం లేవలేదు.

"మేడం, మొదట్లనే ఎట్ల తెలుస్తది? ఇది తేలికదా, పెద్దదా అని. మనంతట మనకు?"

"మీ అంతట మీకు తెలియదు. చూపించుకుంటేనే తెలుస్తుంది. తేలికదని ఊరుకుంటే అక్కడే ఆగుతుందని హామీ లేదు, కొందరిలో పైకి పాకుతుంది. నిజం చెప్పే మనిషికి వైద్యం చేయడం సులువు బాబూ."

"ఇంట్లోళ్లకు గూడ వస్తదా?"

"మామూలు కంటే కొంచెం ఎక్కువ అవకాశం ఉంటుంది. అయినా చాలామందికి రాదు."

వజ్రమ్మ తడి ప్యాంటును సంచిలోకి మడుస్తూ ఆ మాటలు సగమే విన్నది. తండ్రి మీద వీడికెంత ప్రేమ, ఎట్లా గుచ్చి గుచ్చి అడుగుతున్నాడని మాత్రం అనుకుంది. కడుపు నిండినట్టయింది.

* * *

గల్లీ మొదట్లో రఘుపతి చాయ్ బండి. పొద్దున కళ్లు దించుకుని దాటిపోయిన ముగ్గురూ ఇప్పుడు దాని ముందే ఆగారు.

"ఏమన్నరే?" అన్నాడు రఘుపతి, గ్లాసులు కడుగుతున్న చెయ్యి ఆపి.

"తేలికదే అన్నరు బావా," అన్నాడు దశరథం. "జానెడు గూడ లేదట. మందుతోనే తగ్గుతదన్నరు."

రఘుపతి మొహం నిజంగానే విచ్చుకుంది. మూడు గ్లాసుల్లో చాయ్ పోశాడు, దశరథం గ్లాసులో ఇంకొంచెం ఎక్కువ పోశాడు.

"మంచిగైంది. నేను సిగ్గువడి శానా రోజులు ఎవలకు చెప్పలే. ముందుగాల్నే పోయుంటే ఏమయ్యేదో, ఎవలకెరుక." అని, ఆ మాటను అక్కడే వదిలేసి గ్లాసులు కడగడంలో పడ్డాడు.

ఉమాకాంత్ చాయ్ సగంలోనే పెట్టేశాడు. "మందు తెస్త," అని మెడికల్ షాపు వైపు నడిచాడు.

ఇంటికి రాగానే వజ్రమ్మ అన్నం వండింది. ఎదురుగా కూర్చుని తినిపించినంత పని చేసింది. దశరథం పప్పు కలుపుకుని మూడోసారి అన్నం పెట్టించుకుంటుంటే ఆమెకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

"ఇగ నుంచి ఏం జరిగినా చెప్తవా?"

"చెప్త."

"రంగైతే రంగని, నెత్తురైతే నెత్తురని?"

"చెప్తనే తల్లీ. మందు పెట్టుకున్నది గూడ చెప్త, చాలా?"

"గది గల్లీల చెప్పకు," అంది వజ్రమ్మ. ఇద్దరూ నవ్వారు. ఆ ఇంట్లో మొగుడూ పెళ్లాలు కలిసి నవ్వి ఎన్నాళ్లయిందో.

దశరథం చాప మీద వాలిన మరునిమిషం గురక మొదలైంది. మామూలు రోజైతే ఆ గురకకు ఆమె తిట్టేది. ఇవాళ అది రేడియో పాటలాగా వింటూ బకెట్లో నీళ్లు పట్టింది. ఎర్ర ప్యాంటును విడిగా నానబెట్టింది. ఎంత పిండినా రంగు వస్తూనే ఉంది. రానీ, ఎంతొస్తే అంత రానీ అనుకుంది.

ఆ సంతోషంలోనే కొడుకు మీదికి మనసు పోయింది. పొద్దటి నుంచి పిల్లవాడు కడుపు నిండా తిన్నది లేదు. ఇవాళొక్కనాడు వాడి బట్టలు కూడా ఉతికి పడేద్దామనుకుంది. మంచం కింద, గోడ పక్కకు నెట్టి ఉన్న మూట లాగింది. తెల్ల బనీన్లు. తెల్ల తువ్వాల. దాంట్లో చుట్టిన లుంగీ.

లుంగీ విప్పింది. వెనక భాగాన అరచేయంత మరక. ఎరుపు కాదు. గోధుమరంగు, అంచులు గట్టిపడి ఉన్నాయి.

వజ్రమ్మ దాన్ని చల్లటి నీళ్లలో ముంచి వేళ్లతో రుద్దింది. మెల్లగా కరిగి, నీళ్లు లేత తుప్పు రంగుకు తిరిగాయి. పక్క బకెట్లో దశరథం ప్యాంటు ఇంకా తళతళా ఎర్రగానే ఉంది. రెండు బకెట్లూ పక్కపక్కనే ఉంటే ఇక ఎవరినీ అడగాల్సిన పని లేదు.

గుమ్మంలో చెప్పుల చప్పుడైంది. ఉమాకాంత్, చేతిలో మందుల కవరు. తల్లి చేతిలోని లుంగీ చూసి అక్కడే ఆగిపోయాడు.

ఆమె లొల్లి చేయలేదు. పొద్దున చేసినట్టు వెంటపడలేదు. చేతులు కొంగుకు తుడుచుకుని, గడప మీద కూర్చుని, పక్కన వాడికి చోటు చూపించింది. ఏం అడగాలో ఈసారి ఆమెకు తెలుసు.

"రోజుకు ఎన్నిసార్లు పోతున్నవ్ బిడ్డా?" అంది మెల్లగా. "జరం గిట్ట వస్తుందా? నిద్రల లేస్తున్నవా? ఎప్పటి సంది?"

లోపల దశరథం హాయిగా గురక పెడుతున్నాడు. ఉమాకాంత్ బకెట్ల వైపు చూశాడు, తండ్రి వైపు చూశాడు. వాడి ఎడమ కన్ను కొద్దిగా మూసుకుంది.

తెల్ల గుడ్డ తప్ప మరొకటి నేయని ఖాతాలో పనిచేసే కొడుకు, తండ్రి మాటే అందుకున్నాడు.

"రంగే అమ్మా."